బోర్డు ముందు కూర్చున్నవాడు అథ్లెటా?

2023 అక్టోబరు 1. చైనాలోని హాంగ్జౌలో ఆసియా క్రీడల మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 12.91 సెకన్లలో పరుగు ముగించింది. తుపాకీ మోగకముందే చైనా అమ్మాయి కదలడం, ఆ గొడవలో జ్యోతిని కూడా పక్కన పెట్టబోవడం, వీడియోలు తిప్పి తిప్పి చూశాక ఆమె కంచు కాస్తా వెండిగా మారడం టీవీలో చూసినవాళ్లకు ఇంకా గుర్తే. సరిగ్గా ఆరు రోజులకు, అక్టోబరు 7న, అదే ఊళ్లో చదరంగం టీమ్ పోటీలు ముగిశాయి. కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక ఉన్న మహిళల జట్టుకు వెండి. పెంటేల హరికృష్ణ, అర్జున్ ఎరిగైసి ఉన్న పురుషుల జట్టుకూ వెండే.

ఆ క్రీడల్లో భారత్‌కు మొత్తం 38 వెండి పతకాలు వచ్చాయి. వాటిలో ఒకటి పదమూడు సెకన్లలోపు వచ్చింది. రెండు మాత్రం తొమ్మిది రౌండ్ల పాటు, రోజుకు గంటల తరబడి కుర్చీలో కూర్చుంటే వచ్చాయి. పతకాల పట్టికలో ఏది కాళ్లతో వచ్చింది, ఏది కూర్చుని వచ్చింది అని చెప్పే గడి ఉండదు. ఊళ్లో మాత్రం ఉంటుంది. "కూకుని ఆడేదానికి స్పోర్ట్స్ కోటా ఏటండీ బాబూ" అనే మాట విశాఖలో చదరంగం ఆడే పిల్లల తల్లిదండ్రులు వినే ఉంటారు, చాలాసార్లు సొంత చుట్టాల నోటే.

అసలు ప్రశ్నలోనే ఒక చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో అథ్లెట్ అనే మాట వెడల్పు ఎక్కువ, ఒంటితో ఆడేవాళ్లందరినీ అందులోకి లాగేస్తారు. మన దగ్గర ఆ మాటకు అంత జాగా లేదు. విశాఖలో అథ్లెట్ అంటే తెల్లారకముందే గ్రౌండ్‌కు వచ్చి స్పైక్స్ కట్టుకునేవాడు. పరుగు, లాంగ్‌జంప్, డిస్కస్, జావెలిన్, అంతే. విరాట్ కోహ్లీ ఎంత ఫిట్‌గా ఉన్నా తెలుగు పేపర్లో క్రికెటరే. కూతకు వెళ్లి ఆరుగురి మీద నుంచి దూకి గీత అందుకునే కబడ్డీ ఆటగాణ్ని మించిన అథ్లెట్ ఎవరుంటారు? అయినా అతన్ని కబడ్డీ ప్లేయర్ అంటామే తప్ప అథ్లెట్ అనం. అంచేత చదరంగం ఆడేవాడు అథ్లెటా అని తెలుగులో అడిగితే కాదు అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. క్రీడాకారుడా అని అడిగినప్పుడే వాదన మొదలవుతుంది.

ప్రభుత్వం మటుకు ఆ వాదన పెట్టుకోనేలేదు. అర్జున అవార్డు మొదలైన 1961లోనే, మొట్టమొదటి జాబితాలోనే చదరంగం నుంచి మాన్యుయెల్ ఆరన్ ఉన్నాడు. అథ్లెటిక్స్ నుంచి గుర్బచన్ సింగ్ రంధావా ఉన్నదీ ఆ జాబితాలోనే. ఖేల్ రత్న పెట్టాక 1991-92లో తొలి పురస్కారం విశ్వనాథన్ ఆనంద్‌కు ఇచ్చారు. అంటే దేశంలోకెల్లా పెద్ద క్రీడా పురస్కారం పరుగెత్తేవాళ్ల కన్నా, బరువులెత్తేవాళ్ల కన్నా ముందు చదరంగానికే వెళ్లింది. హంపికి 2003లో అర్జున, 2007లో పద్మశ్రీ వచ్చాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కూడా 1999లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడేను గుర్తించింది. గుర్తించింది గానీ పతకాల ఆటల్లోకి మాత్రం రానివ్వలేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆనంద్, షిరోవ్ ఆడింది ప్రదర్శన ఆట మాత్రమే. అదే సిడ్నీలో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లేశ్వరి 110 కిలోలు, ఆపైన 130 కిలోలు ఎత్తి, మొత్తం 240తో కంచు పతకం తెచ్చింది. ఒకే ఒలింపిక్స్‌లో ఒకరు పోటీదారు, ఇంకొకరు అతిథి. ఇరవై ఐదేళ్లు దాటినా ఒలింపిక్స్‌లో చదరంగం అతిథి హోదా మారలేదు.

ఇంగ్లండ్ సంగతి వేరు. అక్కడి క్రీడా సంస్థ స్పోర్ట్ ఇంగ్లండ్ లెక్కలో చదరంగం క్రీడ కాదు. పేకాటలో ఒక రకమైన బ్రిడ్జ్ ఆడేవాళ్లు ఇదే విషయం మీద కోర్టుకు వెళ్లి 2015లో ఓడిపోయారు. శారీరక శ్రమ ఉండాలన్న నిర్వచనం తప్పు కాదని హైకోర్టు తేల్చింది. చూడబోతే ఇది మాటల గొడవే. కానీ ఆ మాట వెనక క్రీడా నిధులు ఉన్నాయి. ఏ దేశంలోనైనా ఈ చర్చ వేడెక్కిందంటే దాని వెనక డబ్బో, ఉద్యోగమో ఉందని అనుకోవచ్చు.

మన దగ్గర ఉన్నది ఉద్యోగం. విశాఖ అంటే పోర్టు, స్టీల్ ప్లాంటు, రైల్వే, నేవీ. స్పోర్ట్స్ కోటాలో వచ్చాడు అనే మాట ఈ ఊరి కాలనీలకు కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటా జాబితాలో చదరంగం ఎప్పటినుంచో ఉంది. హంపి ఓఎన్‌జీసీ ఉద్యోగి. రాష్ట్ర ప్రభుత్వం కూడా 2024 నాటి క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఇలాంటప్పుడు 400 మీటర్లు పరుగెత్తే పిల్లవాడి తండ్రికి ఒక అనుమానం రావడం సహజం. తన కొడుకు ఎండలో మాడి, కండరం పట్టేసి, మోకాలు వాచి తెచ్చుకున్న సర్టిఫికెట్‌కూ, ఫ్యాన్ కింద కూర్చుని తెచ్చుకున్న సర్టిఫికెట్‌కూ ఒకే విలువా? అనుమానం అసూయతో పుట్టింది కాదు. దానికి జవాబు చెప్పాల్సిందే.

ఒక పరీక్ష పెట్టి చూడొచ్చు. ఆటగాడి బదులు వేరేవాళ్ల చెయ్యి పనిచేస్తే ఫలితం మారుతుందా? మల్లేశ్వరి ఎత్తాల్సిన 130 కిలోలను ఆమె చెప్పినట్టు ఇంకొకరు ఎత్తితే అది ఆమె పతకం కాదు. జ్యోతి దాటాల్సిన హర్డిల్‌ను ఇంకొకరు దాటినా అంతే. చదరంగంలో అలా కాదు. చేతులతో పావులు జరపలేని ఆటగాడికి సహాయకుణ్ని పెట్టుకునే వీలు ఫిడే నియమాల్లోనే ఉంది. గుర్రాన్ని ఎఫ్3 గడికి అని నోటితో చెప్తే చాలు, ఎవరు జరిపినా ఆ ఎత్తు అతనిదే. పావును ఎంత అందంగా పెట్టాం, ఎంత గట్టిగా పెట్టాం అన్నదానికి మార్కులు లేవు. కదలకుండా నిలబడే షూటింగ్‌ను, విలువిద్యను తెచ్చి చదరంగం పక్కన పెట్టి, అవి క్రీడలైతే ఇదెందుకు కాదు అని అడుగుతుంటారు. ఆ పోలిక ఇక్కడే తెగిపోతుంది. షూటర్ వేలు వెంట్రుకవాసి వణికితే గుండు పక్కకు పోతుంది. చదరంగం ఆటగాడి వేలు ఎంత వణికినా ఏనుగు వెళ్లాల్సిన గడికే వెళ్తుంది. మూడు నిమిషాల మెరుపు ఆట బ్లిట్జ్‌లో చెయ్యి ఎంత చురుగ్గా గడియారం మీద పడుతుందన్నది లెక్కకొస్తుంది నిజమే గానీ, ఆ ఒక్క దాన్ని పట్టుకుని ఆట మొత్తాన్ని అటువైపు లాగలేం.

కనుక ఒంటితో చేసేదే అథ్లెటిక్స్ అనుకుంటే చదరంగం అందులోకి రాదు. ఈ మాట ఒప్పుకోవడానికి చదరంగం అభిమానులు మొహమాటపడతారు. పడనక్కర్లేదు. మొహమాటపడి క్యాలరీల లెక్కలు తెస్తేనే వాదన నవ్వులపాలవుతుంది.

గ్రాండ్‌మాస్టర్ ఒక్క రోజు ఆటలో 6,000 క్యాలరీలు ఖర్చు చేస్తాడన్న వాక్యం ఇంటర్నెట్‌లో ఏళ్లుగా తిరుగుతోంది. 42 కిలోమీటర్ల మారథాన్ మొత్తం పరుగెత్తితే ఖర్చయ్యేది సుమారు 2,500 నుంచి 3,000. బీచ్ రోడ్డులో పొద్దున్నే చెమటలు కక్కుకుంటూ పరుగెత్తేవాడి కన్నా హాల్లో కూర్చున్నవాడికి రెట్టింపు ఖర్చవుతుందంటే వినడానికే వింతగా ఉంది. మెదడు ఒంటి బరువులో 2 శాతమే ఉన్నా విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం వాడుకుంటుంది. అయితే గట్టిగా ఆలోచించినంత మాత్రాన ఆ వాటా ఆకాశానికి ఎగబాకదు, కాస్త పెరుగుతుందంతే. 2018లో ఒక టోర్నీలో ఆటగాళ్లకు గుండె వేగం కొలిచే పరికరాలు కడితే, రష్యా గ్రాండ్‌మాస్టర్ అంటిపోవ్‌కు రెండు గంటల్లో 560 క్యాలరీలని చూపించాయి. ఆ పరికరం చూసేది గుండె వేగాన్ని. టెన్షన్‌లో గుండె కొట్టుకోవడం, పరుగులో కొట్టుకోవడం రెండూ దానికి ఒకటే. భారత్-పాకిస్తాన్ మ్యాచ్ ఆఖరి ఓవర్లో సోఫాలో కూర్చున్నవాడి చేతికి అదే పరికరం కడితే అతనూ అథ్లెటే అవుతాడు.

మరి టోర్నీల్లో ఆటగాళ్లు చిక్కిపోవడం అబద్ధమా? కాదు. 1984 సెప్టెంబరులో మాస్కోలో మొదలైన కార్పోవ్-కాస్పరోవ్ ప్రపంచ చాంపియన్‌షిప్ పోరు 48 ఆటలు సాగింది. అందులో 40 డ్రాలు. అయిదు నెలలు దాటాక, 1985 ఫిబ్రవరిలో, ఫిడే అధ్యక్షుడు కాంపొమనెస్ ఫలితం తేలకుండానే దాన్ని ఆపేశాడు. అప్పటికి కార్పోవ్ 10 కిలోల దాకా తగ్గాడని చెబుతారు. తిండి సహించదు, రాత్రి నిద్ర పట్టదు, కళ్లు మూసుకుంటే అదే పొజిషన్ కనిపిస్తుంది. ఇలా రోజులు గడిస్తే ఎవరైనా చిక్కిపోతారు. పరీక్షల నెలలో ఇంటర్ పిల్లలు చిక్కిపోయినట్టే, కాకపోతే ఇది అయిదు నెలల పరీక్ష.

కాబట్టి చూడాల్సింది క్యాలరీలను కాదు, అలసట తప్పును ఎలా పుట్టిస్తుందో. దీనికి 2021 డిసెంబరులో దుబాయ్‌లో జరిగినదాన్ని మించిన సాక్ష్యం దొరకదు. కార్ల్‌సన్, నెపోమ్నియాషి మధ్య ప్రపంచ చాంపియన్‌షిప్. మొదటి అయిదు ఆటలూ డ్రా. ఆరో ఆట 136 ఎత్తులు, 7 గంటల 45 నిమిషాలు సాగింది. సాయంత్రం మొదలైన ఆట అర్ధరాత్రి దాటాక కార్ల్‌సన్ గెలుపుతో ముగిసింది. అప్పటిదాకా నెపోమ్నియాషి ఆట రాయిలా ఉంది. ఆ రాత్రి తర్వాత అది పగుళ్లు పట్టింది. ఎనిమిదో ఆట పోయింది. తొమ్మిదో ఆటలో బంటును ఒక గడి ముందుకు జరిపి తన శకటునే తాను బోనులో పెట్టుకున్నాడు. ఊళ్లో రేటింగ్ ఉన్న కుర్రాడెవరైనా చూడగలిగే తప్పు అది. పదకొండో ఆటతో మ్యాచ్ అయిపోయింది, 7.5-3.5.

2024 డిసెంబరు 12న సింగపూర్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనూ అంతే. గుకేశ్, డింగ్ లిరెన్ చెరో 6.5 పాయింట్ల మీద ఉన్నారు, ఇది పద్నాలుగో ఆట, ఆఖరిది. డ్రా దిశగా పోతున్న ఆటలో 55వ ఎత్తు దగ్గర డింగ్ తన ఏనుగును మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాయి, ఆ వెంటే శకట్లు కూడా మార్పిడి అయిపోయాయి, మిగిలిన బంట్ల ఆట గుకేశ్ గెలిచాడు. ఆ ఎత్తు చూడగానే పద్దెనిమిదేళ్ల కుర్రాడి మొహంలో వచ్చిన మార్పు వీడియోలో అందరూ చూశారు. నీళ్ల సీసా అందుకున్నాడు, మళ్లీ బోర్డు వైపు చూశాడు, కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. తెలివిలో డింగ్ తక్కువేం కాదు. పద్దెనిమిది రోజుల మ్యాచ్ చివర, నాలుగు గంటల ఆట చివర, తెలివి తోడు రాలేదు. గుకేశ్ శిబిరంలో మానసిక శిక్షకుడు ప్యాడీ ఆప్టన్ ఉన్నాడన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. 2011లో ప్రపంచకప్ గెలిచిన క్రికెట్ జట్టుతో పనిచేసిన మనిషే. ఓపెనింగ్‌లు, అంటే ఆట మొదటి ఎత్తులు నేర్పడానికి కాదు గదా అతన్ని పెట్టుకున్నది.

ఒళ్లు ఎత్తు వేయదు, కానీ ఎత్తు వేసేవాణ్ని నాలుగో గంటలో కూడా నిలబెట్టాల్సింది ఒళ్లే. అథ్లెట్‌కు ఒళ్లే పనిముట్టు. చదరంగం ఆటగాడికి అది పునాది. పునాదిని ఇల్లు అనం, అలాగని లేకుండా కట్టలేం.

ఈ తేడాను హారిక ఒక్కరే బతికి చూపించారు. 2022లో మామల్లపురంలో దేశాల జట్ల చదరంగం పోటీ ఒలింపియాడ్ జరిగినప్పుడు ఆమె తొమ్మిదో నెల గర్భిణి. బోర్డు ముందు కూర్చున్నారు, ఆడారు, జట్టు కంచు పతకం గెలిచింది. హర్డిల్స్‌లో ఇది ఊహకే అందదు. అలాగని ఆ ఒక్కదాన్ని చూపించి చదరంగం క్రీడ కాదనేవాళ్లు 2012 లండన్ ఒలింపిక్స్ కూడా చూడాలి. మలేసియా షూటర్ నూర్ సూర్యానీ ఎనిమిదో నెలలో ఎయిర్ రైఫిల్ పోటీలో దిగింది. షూటింగ్ క్రీడ కాదని ఎవరూ అనలేదు. ఇక తొమ్మిదో నెలలో గంటల తరబడి కుర్చీలో కదలకుండా కూర్చోవడం శ్రమ కాదనేవాళ్లు ఇంట్లో ఆడవాళ్లను అడిగితే సరి.

డోపింగ్ విషయంలో చదరంగానిది కాస్త తమాషా పరిస్థితి. ఒలింపిక్ కుటుంబంలో ఉండాలి కాబట్టి ఫిడే కూడా డోపింగ్ పరీక్షల నియమాలకు ఒప్పుకుంది. 2008 డ్రెస్డెన్ ఒలింపియాడ్‌లో ఆట ఓడిపోయిన ఉక్రెయిన్ గ్రాండ్‌మాస్టర్ ఇవాన్‌చుక్ పరీక్షకు వెళ్లకుండా విసవిసా హాలు దాటి వెళ్లిపోతే పెద్ద రగడే అయింది, చివరికి శిక్ష లేకుండా వదిలేశారు. నిజానికి ఈ ఆటలో దొంగతనం రక్తంలో దొరకదు, జేబులో దొరుకుతుంది. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో ఒక గ్రాండ్‌మాస్టర్ టాయిలెట్‌లో ఫోన్‌తో పట్టుబడ్డాడు. అందుకే టోర్నీ హాలు గుమ్మం దగ్గర కనిపించేది మూత్రం సీసా కాదు, మెటల్ డిటెక్టర్.

ఇంతకీ ఆ 400 మీటర్ల పిల్లవాడి తండ్రికి జవాబు ఏమిటి? కోటా అనేది చెమటకు కొలత కాదు. నియమాలు రాసిపెట్టిన పోటీలో, ఎదుటివాడు కూడా గెలవాలని చూస్తుండగా, ఏళ్ల తరబడి సాధన చేసి గెలిచినదానికి అది గుర్తింపు. ఆ లెక్కన చదరంగం సర్టిఫికెట్ తక్కువది కాదు. పైగా రేటింగ్ అనేది దయాదాక్షిణ్యాలు లేని లెక్క. ఓడితే తగ్గుతుంది, సెలెక్టర్ మాటతో పెరగదు. అయితే ఆ తండ్రి వాదనలో ఒక ముక్క నిలబడుతుంది. క్రీడాకారుడన్న పేరు చదరంగం పిల్లలకు పతకం వచ్చాక అందుతోంది. క్రీడాకారుడికి దక్కాల్సిన మిగతావి, అంటే కోచ్ కాకుండా ఫిట్‌నెస్ చూసే మనిషి, తిండి చెప్పేవాళ్లు, నడుము నొప్పి అంటే పట్టించుకునే ఫిజియో, ఇవేవీ ఆ పిల్లల దాకా రావు. స్కూల్లో పీఈటీ సారు పరుగు పందేనికి వెళ్లే పిల్లల్ని వరసలో నిలబెడతారు, చదరంగం పిల్లల్ని స్టాఫ్‌రూమ్ పక్క గదిలో కూర్చోబెడతారు. వాన పడితే అందరికీ చదరంగమే, అది వేరే సంగతి.

ఎవరికైనా ఇది అతిశయోక్తి అనిపిస్తే విశాఖలో ఏదైనా రేటింగ్ టోర్నీకి ఒక ఆదివారం వెళ్లి చూడొచ్చు. రోజుకు రెండు రౌండ్లు. ఒక్కొక్కరికి గంటన్నర, ఎత్తుకు ముప్పై సెకన్లు అదనం. ఆట సాగితే ఒక్కో రౌండు నాలుగు గంటలు పడుతుంది. హాల్లో వందల కొద్దీ కుర్చీలు పెద్దవాళ్ల కొలతకు చేసినవి. తొమ్మిదేళ్ల పిల్లవాడు మోకాళ్ల మీద కూర్చుంటే తప్ప అవతలి ఏనుగు అందదు. సముద్రపు ఉక్కకు ఫ్యాన్లు చాలవు. బయట మెట్ల మీద అమ్మానాన్నలు, మధ్యలో టిఫిన్ క్యారియర్లు, ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పెయిరింగ్ కాగితం గోడకు అంటిస్తే దాని చుట్టూ గుంపు. పొద్దున ఆట ఆలస్యమైతే మధ్యాహ్నం భోజనం పది నిమిషాల్లో అయిపోతుంది. పులిహోర నాలుగు ముద్దలు, ఒక కూల్‌డ్రింక్, మళ్లీ లోపలికి.

ఆట అయ్యాక పిల్లలు తెచ్చే స్కోర్‌షీట్ చూస్తే చాలు, ఇంకే పరికరమూ అక్కర్లేదు. పొద్దుటి రౌండు కాగితంలో అక్షరాలు గడుల్లో కుదురుగా ఉంటాయి. సాయంత్రం కాగితంలో ఇరవయ్యో ఎత్తు దాకా బాగానే ఉంటుంది. ముప్పై దాటాక అక్షరాలు గీత దిగి పక్కకు ఒరుగుతాయి. ఒక ఎత్తు రాయడం మర్చిపోయి, నలుపు గడిలో తెలుపు ఎత్తు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన గుర్తులుంటాయి. సరిగ్గా ఆ కొట్టివేతల దగ్గరే గుర్రం ఊరికే పోయి ఉంటుంది. "ఎలా చూళ్లేదురా అది?" అని నాన్న మెట్ల మీద నిలబడి అడుగుతాడు. పిల్లవాడు జవాబు చెప్పడు. సింహాచలం బస్సెక్కాక ద్వారకానగర్ దాటకముందే తల కిటికీకి ఆనించి నిద్రపోతాడు.